ఇంటర్ అయిన పిల్లలకి ఆర్టికల్‌షిప్: శిక్షణా, చవక చాకిరీనా?

గుంటూరు అక్క
మా తమ్ముడు ఎంఈసీ అవగానే సీఏ ఫౌండేషన్ రాశాడు, తర్వాత సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ ఒకేసారి కొట్టేశాడు. ఇప్పుడు 19 ఏళ్లు, ఆర్టికల్‌షిప్‌లో, అంటే సీఏ అవ్వాలంటే ఆడిటర్ ఆఫీసులో తప్పనిసరిగా చేయాల్సిన శిక్షణలో, చేరి కొన్ని నెలలైంది. పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి గానీ ఇంటికి రాడు. ఏం చేస్తున్నావురా అంటే వోచర్లు, అదే ఖర్చుల కాగితాలు, సరిచూసి టిక్కులు పెట్టడం, జీఎస్టీ రిటర్నులు ఎక్కించడం, మధ్యలో ఆడిటర్ గారింటి కరెంటు బిల్లు కట్టి రావడం. ఇచ్చే స్టైపెండ్ బస్సుకీ టిఫినుకీ సరిపోతే గొప్ప. మా చిన్నాన్నేమో "డమ్మీ పెట్టించేసి ఇంట్లో కూర్చుని సీఏ ఫైనల్ చదువుకోమను" అంటున్నారు, అంటే కాగితాల్లో ఆఫీసుకి వెళ్తున్నట్టు, నిజంగా వెళ్లనట్టు. నాకూ అదే మేలేమో అనిపిస్తోంది. ఇది శిక్షణేనంటారా అసలు?

టిక్కుమార్కు
చిన్నాన్న గారి సలహా పక్కన పెట్టండి గానీ అక్కా, చాకిరీ అన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. సీఏ కోర్సు నడిపే ఇన్‌స్టిట్యూట్ లెక్క వారానికి 35 గంటలు. సెప్టెంబరులో టాక్స్ ఆడిట్ల టైంలో మాకు ఆ 35 బుధవారం రాత్రికే అయిపోయేవి. 2023 జులైలో కొత్త స్కీం వచ్చి మూడేళ్ల ఆర్టికల్‌షిప్‌ని రెండేళ్లు చేశారని అందరం సంబరపడ్డాం, కానీ ఆఫీసులో ఫైళ్లు తగ్గలేదు కదా, మూడేళ్ల పని రెండేళ్లలో పిండుతున్నారు, సెలవులేమో ఏడాదికి పన్నెండు. పోనీ ఆఫీసు మారదామంటే ఆర్టికల్‌షిప్ రద్దుకి ఇచ్చే ఫారం 109 మీద మళ్లీ ఆ ఆడిటర్ సారే సంతకం పెట్టాలి. ఇంకెవరితో చెప్పుకుంటాం?

పాత లెడ్జర్
నేను ప్రాక్టీసులో ఉన్నవాణ్ణి, కాబట్టి తిట్లకి సిద్ధపడే రాస్తున్నా. కరెంటు బిల్లు కట్టించడం తప్పే, దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ టిక్కుల్ని చిన్నచూపు చూడకండి.

మీది గుంటూరే కాబట్టి ఆ సంగతే చెబుతా. మార్చి 31న మిర్చి వ్యాపారి సరుకు చూడ్డానికి ఆర్టికల్ కుర్రాణ్ణి కోల్డ్ స్టోరేజీకి పంపుతాం. లోపల చలి, ఘాటుకి తుమ్ములు, లాట్లు లాట్లుగా వేల బస్తాలు. లెక్కపెట్టి రావడానికి ఎవరైనా సరిపోతారు. కానీ అదే గోదాములో రైతుల సరుకూ ఉంటుంది, వేరే వ్యాపారులదీ ఉంటుంది. ఈ లాటు మా క్లయింటుదేనని దేన్ని బట్టి నమ్మాలి, రసీదు ఎవరి పేరున ఉంది, ఇదే సరుకు మీద బ్యాంకులో అప్పు తీసుకున్నారా, బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌లో చూపిన బస్తాలూ ఇవీ ఒకటేనా? 19 ఏళ్లకి ఈ ప్రశ్నలు వేయడం అలవాటైనవాడు తర్వాత ఎంత పెద్ద కంపెనీ బ్యాలెన్స్ షీటు ముందైనా బెదరడు. ఈ పని మానేస్తే ఏమవుతుందో మన హైదరాబాదులోనే చూశాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. బ్యాంకు బ్యాలెన్సు సరిచూడ్డం మొదటి ఏడాది పిల్లలకిచ్చే పనేగా!

టిక్కుమార్కు
సార్, సత్యం ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. అక్కడ ఆడిట్ నివేదిక మీద సంతకాలు పెట్టింది ఆర్టికల్స్ కాదు, పేరున్న సంస్థలో పండిపోయిన సీఏలు. ఖాతాలో ఎంతుందో చెప్పమని బ్యాంకుకి రాసే కన్ఫర్మేషన్ ఉత్తరం మన చేతులతోనే పంపాలి, జవాబు నేరుగా మనకే రావాలి, మధ్యలో క్లయింటు చెయ్యి పడకూడదు. పుస్తకంలో ఉన్నదిదే. నాకు ఆఫీసులో చెప్పిందేంటో తెలుసా? "వాళ్ల అకౌంటెంటుకి ఫోన్ చెయ్, ఆ కాగితాలన్నీ తెప్పించి ఫైల్లో పెట్టెయ్." ఎందుకు పెడుతున్నామో ఒక్కరూ చెప్పలేదు. మీరు కోల్డ్ స్టోరేజీకి పంపే ముందు పావుగంట కూర్చోబెట్టి ఆ ప్రశ్నలన్నీ చెప్పి పంపుతారేమో, అప్పుడది శిక్షణే. ఏమీ చెప్పకుండా పంపితే అది బస్తాల కూలి, అదీ హమాలీకిచ్చేదానికన్నా తక్కువ కూలి.

మాంచెస్టర్ తెలుగోడు
ఇక్కడ కూడా స్కూలు అయ్యాక 18 ఏళ్లకే ఆడిట్‌లోకి అప్రెంటిస్‌లుగా వస్తారు, మా టీంలోనే ఉన్నారు. పని చూస్తే పెద్ద తేడా లేదు, వాళ్లకీ ముందు పడేది బ్యాంకు, క్యాషు, స్టాకు లెక్కింపులే. కానీ నెల జీతం ఉంటుంది, పరీక్ష ఫీజు కంపెనీదే, చదువుకి విడిగా రోజులిస్తారు. ఏసీఏ, అంటే ఇక్కడి సీఏ, రావాలంటే కనీసం 450 రోజుల పని అనుభవం రికార్డు చేయాలి, ఆరు నెలలకోసారి పైవాళ్లు కూర్చుని ఏం నేర్చుకున్నావో చూడాలి. అలాగని ఇక్కడంతా స్వర్గమేం కాదు, జనవరి నుంచి మార్చి దాకా ఆడిట్ల సీజన్లో వాళ్ల మొహాలు చూస్తే జాలేస్తుంది.

పాత లెడ్జర్
జీతం మాట సరే. నా క్లయింట్లలో సగం మంది ఏడాది ఫీజు ఆర్నెల్ల తర్వాత ఇస్తారు, అదీ బేరమాడి. మాంచెస్టర్ లెక్కలు అరండల్‌పేటలో నడవవు బాబూ.

టిక్కుమార్కు
ఫీజు వసూలు కాకపోతే ఆ నష్టం 19 ఏళ్ల పిల్లాడు భరించాలా సార్?

రిక్రూటరమ్మ
డమ్మీ సంగతి ఎవరూ తేల్చడం లేదు. దొరికితే ఇన్‌స్టిట్యూట్ ఊరుకోదు, సంతకం పెట్టిన ఆడిటర్ మీద కూడా చర్య ఉంటుంది. దొరక్కపోయినా మా ఇంటర్వ్యూలో దొరుకుతారు. వ్యాపార ఖర్చు కింద ఒకే మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ ఖర్చుని పన్ను లెక్కలో ఒప్పుకోరు కదా, ఆడిట్‌లో అలాంటివి ఎలా పట్టుకున్నావు అని అడుగుతా. డమ్మీవాళ్లు సెక్షన్ గడగడా అప్పజెబుతారు. నిజంగా పనిచేసినవాళ్లు మాత్రం "మేడం, అసలు 10,000 దాటి ఎవరూ రాయరు, ఒకే మేస్త్రీ పేరున వరసగా రోజుకొకటి తొమ్మిది వేల ఎనిమిదొందల వోచర్లు ఉంటాయి, వాటిలో ఒకటే పెన్ను, ఒకటే చేతిరాత" అంటారు. ఆ జవాబు ఇంట్లో కూర్చుంటే రాదు.

గుంటూరు అక్క
ఇవన్నీ తమ్ముడికి చదివి వినిపించా. డమ్మీ వాడికీ ఇష్టం లేదట. కానీ రిటర్నుల పని తగ్గించి ఆడిట్లకి పంపమని అడిగితే సార్ ఏమంటారో అని టెన్షన్ పడుతున్నాడు.

టిక్కుమార్కు
ఏప్రిల్‌లో బ్యాంకు బ్రాంచి ఆడిట్లుంటాయి, ఆ టీంలో వేయమని ఇప్పుడే అడగమనండి, అప్పటికి మనుషులు చాలక ఆఫీసువాళ్లే వెతుక్కుంటూ ఉంటారు. వెళ్లేముందు నిరుటి ఫైలు తీసుకుని చదవమనండి. అడిగినా పంపకపోతే మొదటి ఏడాదిలో ఉండగానే ఫారం 109 మాట ఎత్తాలి, ఆ తర్వాత బయటపడటం కష్టం.

పాత లెడ్జర్
ఇద్దరు సీఏలున్న ఆఫీసైతే వాళ్లలో వయసులో చిన్న సార్‌ని అడగమనండి. పెద్ద సార్‌కి కరెంటు బిల్లు ఆన్‌లైన్‌లో కట్టుకోవడం కూడా నేర్పి రమ్మనండి.