రాజీవ్ రహదారి: జేబీఎస్ (సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్) నుంచి శామీర్‌పేట దాకా దారి, చరిత్ర, మీ అనుభవాలు

కొత్త ఉద్యోగి: శామీర్‌పేట దాటాక తుర్కపల్లిలో ఉన్న బయోటెక్ కంపెనీల కేంద్రం జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు కార్ఖానా వైపు చూసుకోవాలా, తూంకుంట వైపా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. హైదరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్లే ఈ రాజీవ్ రహదారి ఒకటో నంబరు రాష్ట్ర రహదారి అయి ఉండి, నగరం లోపల ఇంత ఇరుకుగా ఎందుకుందో కూడా తెలిసిన పెద్దలు చెప్పగలరు.

లోతుకుంట నివాసి: ఇరుకుకు కారణం కంటోన్మెంటు. 1806లో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాద్ ఏర్పడింది. అక్కడి బ్రిటిష్ సేనల శిబిరాలు క్రమంగా తిరుమలగిరి, బొల్లారం దాకా విస్తరించాయి. నేటి రహదారి జేబీఎస్, కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంటల మీదుగా శామీర్‌పేట చేరేది ఈ సైనిక ప్రాంతాల నడుమ నుంచే. దారి పొడవునా చాలాచోట్ల రోడ్డును ఆనుకుని ఉన్నవి రక్షణ శాఖ భూములు కావడంతో, ఒక ప్రహరీ గోడను వెనక్కి జరపాలన్నా ఢిల్లీ అనుమతి కావలసిందే. నగరం ఎన్ని రెట్లు పెరిగినా ఈ రోడ్డు వెడల్పు మాత్రం దానికి తగ్గట్టు పెరగలేదు.

కరీంనగర్ ప్రయాణికుడు: పై వారు చెప్పినది బస్సులో కూర్చుంటే స్పష్టంగా తెలుస్తుంది. శామీర్‌పేట నుంచి రామగుండం దాకా సుమారు 207 కిలోమీటర్లను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నాలుగు వరుసలుగా విస్తరించారు గనుక, దుద్దెడ టోల్ గేటు దాటిన బస్సు ప్రజ్ఞాపూర్ మీదుగా చకచకా వచ్చేస్తుంది. అల్వాల్ రాగానే నత్తనడక మొదలవుతుంది. జేబీఎస్‌కు టికెట్ తీసుకున్నవారు కూడా సంచులు సర్దుకుని లోతుకుంటలోనే దిగిపోయి సిటీ బస్సో ఆటోనో చూసుకోవడం నేను తరచూ చూస్తుంటాను. గచ్చిబౌలి, మియాపూర్ వైపు వెళ్లే కార్ల వారికి నా సలహా ఒక్కటే: శామీర్‌పేటలోనే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి, నగరంలోకి రావద్దు.

బొల్లారం పాఠకుడు: రక్షణ శాఖ భూముల బదిలీకి 2024 మార్చిలో కేంద్రం అంగీకరించింది. ఆ నెల 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అల్వాల్‌లో ఈ దారిపై ఎలివేటెడ్ కారిడార్‌కు (స్తంభాల మీద వెళ్లే రోడ్డుకు) శంకుస్థాపన చేశారు. హకీంపేట వద్ద వైమానిక దళ రన్‌వే ఉన్నందున అక్కడ రోడ్డును పైకి లేపే వీలు లేదు. అంత మేర భూగర్భ మార్గం ప్రతిపాదించారు. కింద రోడ్డును ఆనుకుని దుకాణాలు నడుపుకునేవారికి న్యాయమైన పరిహారం సకాలంలో అందాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పనులు ముగిసేదాకా నష్టపోయేది వారే.

కొత్త ఉద్యోగి: అందరికీ కృతజ్ఞతలు. మరి ఇల్లు ఎటువైపు మంచిది?

లోతుకుంట నివాసి: పిల్లల బడులు, ఆసుపత్రులు ముఖ్యమైతే కార్ఖానా వైపే తీసుకోండి. ఉదయం రద్దీ ఎక్కువగా నగరంలోకి వచ్చేవైపు ఉంటుంది, మీరు వెళ్లేది దానికి ఎదురు దిశ. తిరుమలగిరి కూడలి ఒక్కటి దాటితే ఊపిరి పీల్చుకోవచ్చు. శీతాకాల విడిదికి రాష్ట్రపతి బొల్లారం నిలయానికి వచ్చే రోజుల్లో మాత్రం ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూసుకుని బయలుదేరండి.