డ్రిఫ్ట్ నేర్చుకునేవాళ్లు హ్యాండ్‌బ్రేక్ జోలికి వెళ్లొచ్చా?

పటమట కుర్రాడు (విజయవాడ)
అందరికీ నమస్కారం. ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల గేమ్‌లో డ్రిఫ్ట్ నేర్చుకోవాలని చాలా ఆశగా ఉంది. స్టీరింగ్ సెట్ లేదు, ఎక్స్‌బాక్స్ ప్యాడ్ ఒక్కటే ఉంది. నిస్సాన్ సిల్వియా తీసుకున్నాను. మలుపు రాగానే హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక భాగం చక్కగా జారుతుంది. కానీ అక్కడితో ఆగదు, బండి గిర్రున తిరిగి వచ్చిన దారికేసి నిలబడుతుంది. రివైండ్ కొట్టి మళ్లీ చేసినా అదే వరస. వీడియోల్లో ఒకరు హ్యాండ్‌బ్రేక్‌తోనే మొదలుపెట్టమంటారు, ఇంకొకరు అసలు ముట్టుకోవద్దంటారు. ఎవరి మాట వినాలి?

బ్రాడీపేట 86 (గుంటూరు)
తమ్ముడూ, ముట్టుకోకు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ బటన్‌నే తీసెయ్.

డ్రిఫ్ట్ అంటే వెనక చక్రాలు జారుతుండగా బండిని యాక్సిలరేటర్‌తో నడపడం. హ్యాండ్‌బ్రేక్‌తో మొదలుపెట్టినవాడికి బండిని జారించడం వస్తుంది, జారే బండిని నిలబెట్టుకోవడం రాదు. నీకు జరుగుతున్నది అదే. జారించేశావు, ఆ తర్వాత కుడిచేతి వేలు ఏం చెయ్యాలో దానికి తెలియదు.

ముందు బండిని జారకుండా అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ రెండూ ఆపు. గేర్లు మాన్యువల్‌లో పెట్టు. మలుపులున్న రోడ్డు ఇప్పుడే వద్దు, అడవిలో పాత రన్‌వే ఉంటుంది, అక్కడికి పో. రెండో గేరులో చిన్న గుండ్రం తిప్పు. వెనక చక్రాలు తిరిగిపోతుంటే యాక్సిలరేటర్ ట్రిగ్గర్‌ని పూర్తిగా వదలకుండా, పూర్తిగా నొక్కకుండా సగం దగ్గర ఆడించు. గుండ్రం పెద్దది చెయ్యి, తర్వాత ఎనిమిది అంకె వెయ్యి. ఆ ఎనిమిదిలో ఎడమ నుంచి కుడికి మారే క్షణం ఉంటుందే, మొత్తం విద్య అక్కడే ఉంది. అది వచ్చాక మూడో గేరు.

మలుపులోకి ఎలా వెళ్లాలంటావా? ముందు మలుపుకి అవతలి వైపు కాస్త తిప్పి, వెంటనే ఇవతలికి తిప్పు. ఆ ఊపుకి బరువు పక్కకి ఒరుగుతుంది. అదే సమయంలో యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకు పోయి వెనక భాగం తేలికవుతుంది, దానంతట అదే జారుతుంది. బ్రేకుతో పని లేదు.

గుణదల
నేను హ్యాండ్‌బ్రేక్‌తోనే నేర్చుకున్నా. బానే వచ్చింది.

కృష్ణలంక టర్బో (విజయవాడ)
అన్నా, మళ్లీ అదే పాట. అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ 2004 నుంచి నడుస్తోంది. ఆ బళ్లలో స్టీరింగ్ పక్కనే నిలువుగా ఒక లివర్ ఉంటుంది. అదేంటి? హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్. దాన్ని ప్రత్యేకంగా చేయించి మరీ పెట్టుకుంటారు. జీవితమంతా డ్రిఫ్టే చేసేవాళ్లకి పనికొచ్చిన వస్తువు పటమటలో ప్యాడ్ పట్టుకున్న కుర్రాడికి పనికిరాదా?

నేను ఆటోనగర్‌లో లారీ బ్రేకుల పని చేస్తాను. రోజూ డ్రమ్ములు విప్పి బిగించే చేతులివి. హ్యాండ్‌బ్రేక్ ఏం చేస్తుందో, ఏం చెయ్యదో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

కుర్రాడా, లాగు. కానీ పట్టుకుని కూర్చోకు. ఒక్కసారి తట్టి వదిలెయ్. వదిలిన మరుక్షణం స్టీరింగ్ స్టిక్ అవతలి వైపుకి, వేలు యాక్సిలరేటర్ మీదకి. నువ్వు ఎక్కువసేపు పట్టుకుంటున్నావు, అందుకే గిర్రున తిరుగుతోంది.

బ్రాడీపేట 86
లారీ బ్రేకులకీ డ్రిఫ్ట్‌కీ సంబంధం ఏంటి? వాళ్లు లివర్ వాడతారు, నిజమే. యాక్సిలరేటర్ చేతిలోకొచ్చాక వాడతారు. కోణం పెంచడానికి, వేగం సరిచేసుకోవడానికి వాడతారు. మొదటిరోజు నుంచి దాని మీదే బతకరు. ఈ ఊళ్లలో ఇంటర్ చదివినవాళ్లకి తెలుసు, జవాబు బట్టీ పట్టినవాడు లెక్కలో ఒక్క అంకె మార్చగానే చేతులెత్తేస్తాడు. హ్యాండ్‌బ్రేక్ బటన్ అలాంటి బట్టీ.

అరండల్‌పేట సెంటర్ (గుంటూరు)
నాది గేమింగ్ సెంటర్. కీబోర్డుల్లో మొదట పోయేది స్పేస్ బారే, ప్యాడ్లలో A అని రాసున్న బటన్. రెండూ హ్యాండ్‌బ్రేక్ బటన్లే. మీరు తేల్చుకోండి.

కృష్ణలంక టర్బో
బట్టీ అంటారా? కారు మారినా, రోడ్డు మారినా చెయ్యగలను. గేమ్‌లోని లా గ్రాన్ కాల్డెరా కొండ మీద నుంచి కిందికి దిగే దారిలో అన్నీ హెయిర్‌పిన్ మలుపులే. అక్కడ చూపిస్తా రండి. అంత ముడుచుకున్న మలుపులో అటు తిప్పి ఇటు తిప్పడానికి చోటెక్కడుంది? మీకు స్టీరింగ్ సెట్ ఉంది, క్లచ్ పెడల్ ఉంది. క్లచ్ తొక్కి, రెవ్ (ఇంజిన్ తిరిగే వేగం) పెంచి, ఒక్కసారిగా వదిలి చక్రాలకి దెబ్బ కొడతారు. ప్యాడ్‌లో ఆ పని ఎంతమంది సాఫీగా చేస్తారు? వేలకు వేలు పోసి కొన్న సామాను పక్కన పెట్టుకుని, లేనివాడికి ఉన్న ఒక్క బటన్ కూడా తీసెయ్యమంటారేంటి?

బ్రాడీపేట 86
డబ్బు సంగతి ఇక్కడికెందుకు తెచ్చావు? నేనూ ప్యాడ్‌తోనే మొదలుపెట్టాను. అప్పుడు కూడా హ్యాండ్‌బ్రేక్ వాడలేదు.

ఫిజిక్స్ లెక్చరర్ (లక్ష్మీపురం, గుంటూరు)
ఇద్దరూ చెప్పేదాంట్లో విషయం ఉంది కాబట్టి ఒక మాట. టైరుకి ఉన్న పట్టు మొత్తం ఒక్కటే. బండిని ముందుకు తొయ్యడానికో ఆపడానికో అదంతా ఖర్చయిపోతే, పక్కకి జారకుండా పట్టుకోవడానికి మిగలదు. హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక చక్రాలు బిగుసుకుంటాయి, పట్టు పోతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు రోడ్డు కంటే వేగంగా తిరుగుతాయి, అప్పుడూ పట్టు పోతుంది. వెనక భాగం జారడం రెండింట్లోనూ ఉంది. తేడా ఏమిటంటే మొదటిది బండిని ఆపుతూ జారిస్తుంది, రెండోది తోస్తూ జారిస్తుంది. అందుకే హ్యాండ్‌బ్రేక్‌తో డ్రిఫ్ట్ మొదలవుతుంది కానీ సాగదు.

పటమట బాబూ, మీ బండి తిరిగిపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. నిజం కారు జారినప్పుడు ముందు చక్రాలు వాటంతట అవే జారే దిక్కుకి తిరుగుతాయి. డ్రైవర్ స్టీరింగ్‌ని చేతుల్లో వదులుగా ఉంచితే చాలు, అదే తిరుగుతుంది. ప్యాడ్‌లో ఆ సాయం బొటనవేలికి అందదు, కంటితో చూసి తిప్పాలి. మీరు సెట్టింగుల్లో సిమ్యులేషన్ స్టీరింగ్ పెట్టుకుని ఉంటే స్టాండర్డ్‌కి మార్చి చూడండి. ఎదురు తిప్పడంలో గేమ్ కాస్త సాయం చేస్తుంది.

పటమట కుర్రాడు
అవును మేడమ్, సిమ్యులేషన్‌లోనే ఉంది! ఎవరో అదే మంచిదన్నారు. ఇప్పుడే మారుస్తా.

బ్రాడీపేట 86
మేడమ్ గారు చెప్పింది నేను మొదట చెప్పిన మాటే. మొదలవుతుంది, సాగదు.

కృష్ణలంక టర్బో
మొదలవుతుంది అన్నారుగా. కుర్రాడు అడిగింది ఎలా మొదలుపెట్టాలనే.

మంగళగిరి
ఇద్దరికీ దండం. రోడ్డు మీద మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. మన స్విఫ్టులూ ఐ20లూ ముందు చక్రాలతో నడిచే బళ్లు, యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం జారదు. రాజధాని రోడ్లు ఖాళీగా ఉన్నాయని రాత్రిపూట హ్యాండ్‌బ్రేక్ లాగి డివైడర్ ఎక్కించినవాళ్లని చూశాను.

బ్రాడీపేట 86
చూశారా, అలవాటు అక్కడిదాకా పోతుంది. ఇంకో సంగతి కూడా చెప్తా. ఆదివారం రాత్రి మనవాళ్లు కొందరం కలిసి టాండెం ఆడతాం. ఒక బండి ముందు డ్రిఫ్ట్ చేస్తుంటే, రెండోది దాని తలుపుకి ఆనుకున్నట్టు వెనకే డ్రిఫ్ట్ చేస్తూ వస్తుంది. ఎంతో కష్టపడి కుదిర్చిన ఆన్‌లైన్ రూమ్ అది. బటన్ మీద బతికేవాళ్ల వల్ల అది పాడైపోయింది. నాకు ఇంతకంటే ఎవరితోనూ వాదించే ఓపిక లేదు.

కృష్ణలంక టర్బో
అదీ, అసలు సంగతి ఇప్పుడు బయటికొచ్చింది. "బటన్ మీద బతికేవాళ్లు" అంటే నేనే. పేరు పెట్టి అనొచ్చు.

అందరూ వినండి. ఆ రూమ్‌లో నేనూ ఉండేవాణ్ణి. ఒక ఆదివారం పది దాటింది, ఇన్వైట్ రాలేదు. ఏదో పనిలో ఉన్నారనుకున్నా. తర్వాతి వారమూ రాలేదు. ఆ ఆట వీడియో ఇంకొకరు పెడితే తెలిసింది, నేను లేకుండా ఆడుకుంటున్నారని. ఒక్క మాట చెప్పలేదు. పొద్దున్నుంచి గ్రీజులో పనిచేసి ఇంటికొచ్చి ఆ ఒక్క పూట కోసం ఎదురుచూసేవాణ్ణి. ఇప్పుడు కొత్త కుర్రాడికి కూడా మొదటి మాటే "ఆ బటన్ తీసెయ్". ఎందుకో నాకు తెలుసు. రేపు వాణ్ణి రూమ్‌లోకి రానివ్వాలంటే మీలాగే ఆడాలి.

బ్రాడీపేట 86
సరే, పేరు పెట్టే చెప్తా. నువ్వు లీడ్‌లో, అంటే ముందు బండిలో ఉంటే నీ వెనక రావాలంటే నాకు భయం.

టాండెంలో నేను నీకు అడుగు దూరంలో ఉంటాను. నీ బండి ఏ కోణంలో ఉంది, ఎంత వేగంలో ఉంది అన్నది చూసే నా వేలు కదులుతుంది. నువ్వు మలుపు మధ్యలో ఆ బటన్ తడతావు. నీ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. నాకు ముందస్తు సూచన ఏమీ ఉండదు. బ్రేకుల పని చేస్తావుగా, హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక బ్రేక్ లైట్లు వెలుగుతాయా? వెలగవు. నేను తెలుసుకునేలోపే నీ తలుపులో దూరిపోతాను. నా వెనకవాడు నాలో. మొత్తం వరస పోతుంది. యాక్సిలరేటర్‌తో నడిపేవాడి వేగం మెల్లగా మారుతుంది, వెనకవాడు అందుకోగలడు. నా పోరాటమంతా దీనికోసమే.

అరండల్‌పేట సెంటర్
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పుంటే సరిపోయేది.

కృష్ణలంక టర్బో
లైట్లు వెలగవు, నిజమే. ఆ మాట నాతో ఎందుకు అనలేదు?

బ్రాడీపేట 86
అన్నాను. ప్రతి వారం మైక్‌లో అరిచాను. "మధ్యలో లాగొద్దు, లాగొద్దు" అని. నువ్వు ఒక్కసారి కూడా జవాబివ్వలేదు. పట్టించుకోవట్లేదు అనుకున్నా.

కృష్ణలంక టర్బో
నా దగ్గర మైక్ లేదు. సౌండ్ కూడా పెట్టను. మాది ఒకటే గది, నాన్న పక్కనే పడుకుంటారు. రాత్రి ఆయన లేవాలంటే ఒకరు పట్టుకోవాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పిలిచినా నాకు వినపడదు. అందుకే మ్యూట్‌లో ఆడతాను. మీరంతా టైరు అరుపు విని, ఇంజిన్ మోత విని, చక్రం ఎంత జారుతోందో పోల్చుకుంటారు. నాకు ఆ శబ్దాలు లేవు. తెర మీద బండి వెనక భాగం ఎంత బయటికొచ్చిందో చూసుకుంటాను, తక్కువైతే బటన్ తడతాను. నాకున్న దారి అది.

ఫిజిక్స్ లెక్చరర్
టర్బో గారూ, ప్యాడ్ వైబ్రేషన్ ఆన్‌లో ఉందా? చక్రాలు జారేటప్పుడు ట్రిగ్గర్ దగ్గర వణుకు తెలుస్తుంది. శబ్దం బదులు అది కొంత ఉపయోగపడొచ్చు. టెలిమెట్రీ కూడా తెరిచి చూడండి, ఒక్కో టైరు పట్టు ఎంత పోయిందో అంకెల్లో కనిపిస్తుంది.

కృష్ణలంక టర్బో
ఆన్ చేస్తే ప్యాడ్ మోగుతుంది మేడమ్, అందుకే ఆపేశాను. బల్ల మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని చూస్తాను. కానీ ఒకటి. నేను అడుగుతున్నది నేర్పమని కాదు. నన్ను తీసేసేముందు మెసేజ్ పెట్టాలా, వద్దా?

గుణదల
పెట్టాలి.

మంగళగిరి
పెట్టాలి. అయినా టాండెంలో మధ్యలో హ్యాండ్‌బ్రేక్ కూడదు. రెండూ నిజమే.

బ్రాడీపేట 86
రూమ్ నాది కాబట్టి ఎవరుండాలో నేనే చూసుకోవాలి. దాంట్లో మార్పు లేదు. ఈ ఆదివారం ఇన్వైట్ పంపుతాను. మలుపులోకి వెళ్లేటప్పుడు లాగుతావా, లాగు, మేం ముందే ఎడం ఇస్తాం. మధ్యలో మాత్రం వద్దు. మాటలు మైక్‌లో కాదు, చాట్‌లో రాస్తాను.

కృష్ణలంక టర్బో
పంపండి. మధ్యలో లాగాల్సొస్తే లాగుతాను, ముందే ఆ మలుపు ఏదో చాట్‌లో చెప్తాను. లీడ్ నాకే ఇవ్వాలి. వెనక బండిగా చేజ్‌లో పెట్టి సరిపెట్టొద్దు.

బ్రాడీపేట 86
మధ్యలో లాగితే లీడ్ ఉండదు.

కృష్ణలంక టర్బో
ఆదివారం చూద్దాం.

పటమట కుర్రాడు
అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. స్టాండర్డ్‌కి మార్చాక రన్‌వే మీద గుండ్రాలు వస్తున్నాయి. ఎనిమిది కూడా ఒకవైపు వస్తోంది. రెండో గేరులో రెవ్ చివరికంటా పోయి అక్కడే కొట్టుకుంటోంది, మూడోది వేస్తే చక్రాలు మళ్లీ రోడ్డుని పట్టేస్తున్నాయి, జారట్లేదు. ఏం చెయ్యాలి?

బ్రాడీపేట 86
ట్యూనింగ్‌లో వెనక డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ బలం పంచేది) యాక్సిలరేషన్ నూటికి నూరు పెట్టు. రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, మూడో గేరులో కూడా పట్టు వదులుతుంది.

కృష్ణలంక టర్బో
దానితోపాటు ట్యూనింగ్‌లో ఫైనల్ డ్రైవ్‌ని (అన్ని గేర్ల నిష్పత్తినీ కలిపి మార్చేది) యాక్సిలరేషన్ వైపు కొద్దిగా జరుపు. మూడో గేరుకి బలం వస్తుంది. తర్వాత రెండో గేరు జోలికే వెళ్లకు, అంతా మూడులోనే చెయ్యి.

బ్రాడీపేట 86
అది కరెక్టే. ముందు అది చెయ్యి తమ్ముడూ.