ఇగురు: నామవాచకమా, క్రియా?

ప్రశ్న: రాత్రి వంటకి త్వరగా అయ్యే చేపల కూర ఒకటి చెప్పమని అత్తగారిని అడిగాను. “ఇగురు పెట్టు, అరగంట పని” అన్నారు. పులుసుకూ దీనికీ తేడా ఏమిటంటే “ఇగిరితే ఇగురు” అని ఫోను పెట్టేశారు. నిఘంటువు తెరిస్తే ఇగురు అంటే చిగురు అని ఉంది. చేపకీ చిగురుకీ ఏమిటండీ సంబంధం?

జవాబు: ఏ సంబంధమూ లేదు. అదే రూపంలో ఉన్న వేరే మాట అది. చెట్టు ఇగురొత్తింది అంటే చిగురించింది. వంటింటి ఇగురు మాత్రం క్రియ నుంచి వచ్చింది. నీళ్ళు ఇగురుతాయి, ఇగిరిపోయాయి, ఇగరనివ్వాలి. వేపితే వేపుడు అయినట్టే ఇగిరితే ఇగురు. కాకపోతే ‘వేపుడు’లో చివర ‘డు’ చేరింది, ఇక్కడ ఏమీ చేరలేదు. ‘వెలుగు’ చూడండి, దీపం వెలుగుతుంది, వచ్చేదీ వెలుగే. మీ అత్తగారు రెండు మాటల్లో వ్యాకరణమూ వంటా రెండూ చెప్పేశారు.

ఇప్పుడు వీడియోల్లో ‘గ్రేవీ చిక్కబడే వరకు’ అంటున్నారు. నాకు నచ్చదు. పిండి కలిపినా చిక్కబడుతుంది. ఇగరడం అంటే నీరు ఆవిరై, ఉప్పూ కారం ముక్కకు పట్టడం. అరకిలో బొచ్చె ముక్కలకు ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెట్టండి. వెడల్పాటి గిన్నెలో రెండు ఉల్లిపాయల ముద్దను పచ్చివాసన పోయే దాకా వేయించి, అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి వేసి, ముక్కలు ఒకే వరుసలో పేర్చండి. నీళ్ళు ముక్క మునిగీ మునగనట్టు ఉంటే చాలు. గరిటె పెట్టకండి, గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పండి. మొదట పెద్ద బుడగలు తెర్లుతాయి. పది పన్నెండు నిమిషాలకు బుడగలు చిన్నవై, గలగల తగ్గి, చిటపట మొదలై, అంచుల్లో నూనె తేలుతుంది. ఇగిరిందన్నమాట. కొత్తిమీర చల్లి దించడమే.

పులుసు అలా కాదు. చింతపండు నానాలి, పులుసు మరగాలి, ముక్కకు పులుపు పట్టాలి, మర్నాటికి గానీ దాని అసలు రుచి రాదు. రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరినవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది. (పులస దొరికితే మాత్రం ఏ వేళైనా సరే, పులుసే!)

మరొకరు: మా కరీంనగర్ వైపు ఇంట్లో చేపలంటే పులుసే, వంటకంగా ఇగురు మాట తక్కువ. ‘ఇగురం’ మాత్రం నోట్లో నానుతూ ఉంటుంది, కానీ దాని అర్థం ఒడుపు, తెలివి. ఇగురం తెలిసిన మనిషి అంటే పని చక్కబెట్టగలవాడు. అన్నట్టు, మీరు ‘ఇగిరింది’ అనే చోట ‘ఇంకింది’ అంటే తప్పా?

జవాబు: తప్పనను, చాలామంది అంటారు. కానీ తేడా ఉంది. ఇంకడం అంటే నీరు లోపలికి పోవడం. అందుకే ఇంకుడు గుంత అంటాం, ఇగురుడు గుంత అనం. పొయ్యి మీది నీరు పైకి పోతుంది, కాబట్టి ఇగురుతుంది. ఎండకు ఆరిన బట్టకు మాత్రం ఈ రెండూ పనికిరావు.

ప్రశ్నించినవారు: మరి ఇగిరాక కూడా మంట మీదే ఉంచితే?

జవాబు: అడుగంటుతుంది! బావిలో నీళ్ళు తగ్గినా అదే మాట, కూర గిన్నెకు పట్టుకున్నా అదే మాట. సరేగానీ, ఇగురుకు సకర్మక రూపంగా ‘ఇగర్చు’ అనేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మా ఇంట్లో ‘ఇగరబెట్టు’ అనే అంటాం.