డేటా అనాలిసిస్ వీడియోలతో ఇంగ్లిష్ పదాలు నేర్చుకోవచ్చా? పద్ధతి చెప్పండి

ప్రశ్న:
నమస్తే అండి. నేను చదివిందంతా తెలుగు మీడియం. ఇప్పుడు వీడియోలు చూస్తూ డేటా అనాలిసిస్ నేర్చుకుంటున్నాను. పని వస్తోంది. ట్రైనర్ ఎక్కడ క్లిక్ చేస్తే నేనూ అక్కడ క్లిక్ చేస్తున్నా. కానీ ఆయన చెప్పింది మళ్లీ ఇంగ్లిష్‌లో చెప్పమంటే నోరు పెగలదు. రోజూ చూస్తున్నాను కదా, వీటితోనే ఇంగ్లిష్ కూడా పెంచుకుందామని తెలియని ప్రతి మాట దగ్గరా వీడియో ఆపి, డిక్షనరీ చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నా. పావుగంట వీడియోకి పూటంతా పడుతోంది. తీరా చూస్తే వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండట్లేదు. తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే నయమా?

మొదటి సమాధానం:
ముందు ఆ నోట్‌బుక్‌లో ఏం పదాలున్నాయో చూడండి. రిగ్రెషన్, అవుట్‌లయర్, పివట్, క్వెరీ లాంటివే ఎక్కువ ఉంటాయని నా అనుమానం. వాటి కోసం డిక్షనరీ తెరవక్కర్లేదు. అవి ఆ సబ్జెక్టు మాటలు, వాటి అర్థం చెప్పడానికే ఆయన వీడియో చేశాడు. పైగా డిక్షనరీ దారి తప్పిస్తుంది కూడా. ‘మీన్’ అని వెతికితే ‘అర్థం’, ‘నీచమైన’ అని వస్తాయి, మీకు కావలసింది సగటు. ‘పాపులేషన్’ అంటే జనాభా అని రాసుకున్నారనుకోండి, ఫ్యాక్టరీలో తయారైన బల్బులన్నిటినీ ఆయన పాపులేషన్ అనగానే తికమక మొదలు. స్టాటిస్టిక్స్‌లో మనం తెలుసుకోదలచిన మొత్తం సమూహం ఏదైనా పాపులేషనే.

‘సిగ్నిఫికెంట్’ ఇంకా మోసకారి. మామూలు ఇంగ్లిష్‌లో ‘ముఖ్యమైన’, ‘చెప్పుకోదగ్గ’ అని. ఒక తేడా ‘స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్’ అంటే మాత్రం అది పెద్ద తేడా అని కాదు. ఊరికే యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడం అరుదు అని, అంతవరకే.

మీరు పట్టుకోవాల్సింది ఈ పెద్ద మాటల పక్కన తిరిగే చిన్న క్రియల్ని. డ్రాప్, ఫిల్, మెర్జ్, స్ప్లిట్, ఫిల్టర్ అవుట్, బ్రేక్ డౌన్, లుక్ అప్. రేపు ఏ ఆఫీసులో మాట్లాడినా పనికొచ్చేవి ఇవే, వీటి అర్థం తెర మీదే కనిపిస్తుంది. ‘లెట్స్ డ్రాప్ దిస్ కాలమ్’ అన్నాడు, ఎంటర్ నొక్కాడు, కాలమ్ మాయం. ఇంకేం కావాలి? ఆ వాక్యం వినగానే ఆపండి. తెర మీద ఏం మారబోతోందో ఊహించండి, తర్వాత ప్లే చేయండి. ఊహ తప్పిన మాటనే నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. అదీ విడి పదంగా కాదు, ఆయన పలికిన వాక్యం మొత్తం రాయండి.

ఇంకోటి, రెండు పనులు ఒకేసారి వద్దు. మొదటిసారి సబ్జెక్టు కోసం ఆపకుండా చూడండి. భాష కోసం రెండోసారి చూడండి, దానికి నాలుగైదు నిమిషాల ముక్క చాలు.

రెండో సమాధానం:
సబ్‌టైటిల్స్ గురించి. తెలుగువి వద్దండి. కళ్లు తెలుగు చదువుతుంటే చెవులు ఇంగ్లిష్ వినవు. మెషీన్ అనువాదం అయితే టేబుల్‌ని బల్ల అని చూపించినా దిక్కులేదు. ఇంగ్లిష్ క్యాప్షన్లు పెట్టుకోండి, కానీ ఆటోమేటిక్‌వి పూర్తిగా నమ్మకండి, సాంకేతిక పదాల దగ్గర తడబడతాయి. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) అన్నచోట ‘సీక్వెల్’ అని పడటం మామూలే. అది మెషీన్ ఒక్కదాని తప్పూ కాదులెండి, చాలామంది పలికేదే అలా. 1970ల్లో ఐబీఎం వాళ్లు మొదట పెట్టిన పేరు సీక్వెలే, ట్రేడ్‌మార్క్ చిక్కు వచ్చి కుదించారు. రెండు రకాలుగా పలికినా ఎవరూ ఏమీ అనుకోరు. ‘డేటా’, ‘డాటా’ కూడా అంతే.

యూట్యూబ్‌లో అయితే కంప్యూటర్ మీద జె నొక్కితే 10 సెకన్లు వెనక్కి పోతుంది, కె నొక్కితే ఆగుతుంది. వేగం 0.75కి తగ్గించుకోవచ్చు. అంతకంటే తగ్గిస్తే మాట సాగిపోయి అసలు ఉచ్చారణ చెడుతుంది.

అడిగినవారు:
థాంక్స్ అండి. క్రియల సంగతి ఇవాళే మొదలుపెడతా. మరి గ్రాఫ్ చూపించి వివరించేటప్పుడు వచ్చే మాటలు? అక్కడ తెర మీద ఏమీ కదలదు, ఆయన మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతాడు. రేపు ఇంటర్వ్యూలో అడిగేది కూడా అదేనట. నాకు అక్కడే టెన్షన్.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
మంచి చోట పట్టుకున్నారు. గ్రాఫ్ భాష చాలా చిన్నది, అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. గీత ఒక్కసారిగా పైకి లేస్తే స్పైక్, కాస్త కిందికి దిగి మళ్లీ లేస్తే డిప్, పెరిగి పెరిగి ఒకచోట నిలిచిపోతే ప్లాటో, పైకీ కిందికీ ఊగుతుంటే ఫ్లక్చుయేట్. వీటికి తెలుగు అర్థం రాయకండి, పదం పక్కన ఆ గీత గీయండి. చూడగానే నోటికొస్తుంది.

అసలు చిక్కు ‘బై’, ‘టు’ల దగ్గర. ‘ఇంక్రీజ్డ్ బై ట్వంటీ పర్సెంట్’ అంటే 20 శాతం పెరిగింది. ‘ఇంక్రీజ్డ్ టు ట్వంటీ పర్సెంట్’ అంటే 20 శాతానికి పెరిగింది. మన భాషలో ఒక్క ‘కి’ చేసే పనే అక్కడ ‘టు’ చేస్తుంది. ఇది మారితే లెక్కే మారిపోతుంది, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ జారుతుంటారు. ఇంకా మెలిక ఉంది. 40 శాతం నుంచి 50 శాతానికి వెళ్తే పెరిగింది 10 ‘పర్సెంటేజ్ పాయింట్స్’. దాన్నే 10 పర్సెంట్ పెరిగిందంటే తప్పు, ఎందుకంటే 40 మీద 10 అంటే 25 శాతం పెరుగుదల. ఇంటర్వ్యూలో ఈ తేడా సరిగ్గా పలికితే మీ ఇంగ్లిష్ యాస ఎవరూ పట్టించుకోరు.

మూడో సమాధానం:
ఉచ్చారణ మీద ఒక్క మాట. ‘ఎనలైజ్’కి ఒత్తు (అంటే నొక్కి పలకడం) మొదట్లో పడుతుంది, ‘అనాలిసిస్’కి ‘నా’ మీద, ‘ఎనలిటికల్’కి ‘లి’ మీద. ఒకే కుటుంబం, ఒత్తు మాత్రం జరుగుతూ పోతుంది. అందుకే విడిగా తెలిసిన పదాన్నే మాటల వరదలో గుర్తుపట్టలేం. ‘రికార్డ్’ కూడా చూడండి, నామవాచకమైతే ఒత్తు ముందు, క్రియైతే చివర.

ఏ పదాలకు ప్రాధాన్యం ఇవ్వాలో తెలియకపోతే, న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ ఉంది, పెద్ద చదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే ఇంగ్లిష్ మాటల జాబితా అది. 570 పద కుటుంబాలు. ఎనలైజ్, ఎస్టిమేట్, అజ్యూమ్, వేరీ, ఇండికేట్ అన్నీ అందులో మొదటి విడతలోనే వస్తాయి. బట్టీ పట్టమని కాదు. వీడియోలో విన్న మాట ఆ జాబితాలో కనిపిస్తే దానికి అంకి లాంటి ఫ్లాష్‌కార్డుల యాప్‌లో ఒక కార్డు చేసుకోండి. వెనక వైపు ట్రైనర్ వాక్యం పెట్టండి.

అడిగినవారు:
మాట్లాడటం సంగతి మిగిలింది. చూసేవాళ్లు ఎవరూ లేకుండా ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
బాగా తెలిసిన వీడియో ముక్కకి సౌండ్ తీసేసి, ట్రైనర్ బదులు మీరే చెప్పండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని, తర్వాత సౌండ్ పెట్టి ఆయన మాటతో పోల్చుకోండి. గ్రామర్ జోలికి ఇప్పుడే పోవద్దు, మీరు ఆగిపోయిన చోట ఆయన ఏ క్రియ వాడాడో అదొక్కటే చూడండి. ముందు గ్రాఫ్ ఉన్న ముక్కతో కాదు, డేటా క్లీనింగ్ (డేటాలో తప్పులు, ఖాళీలు సరిచేసే) ముక్కతో మొదలెట్టండి, అక్కడ చెప్పాల్సింది తెర మీదే కనిపిస్తుంటుంది.