8 నుంచి మూడు రెట్లు తీసేస్తే... గుర్తు తిరగబడి వస్తోంది, సాయం చేయండి

నీలిసిరా:
మధ్యాహ్నం నుంచి ఈ ఒక్క లెక్క తెమలట్లేదు. "20కి మించదు" అని ఉంది కదా, 3x − 8 ≤ 20 అని రాస్తే x ≤ 28/3 వచ్చింది. తిప్పి 8 − 3x ≤ 20 అని రాస్తే x ≤ −4 వస్తోంది. వెనక జవాబుల్లో మాత్రం −4, −3, −2, −1 అని నాలుగే ఇచ్చారు. అచ్చుతప్పా?

గణకం:
ప్రశ్న మొత్తం పెట్టండి.

సంఖ్యారేఖ:
ముందు గీత గీయడం అలవాటు చేసుకోండి. ≤, ≥ ఉంటే హద్దు దగ్గర నిండు చుక్క, <, > ఉంటే బోలు చుక్క. చుక్క పెట్టేసి బాణం గీయకుండా వదిలేస్తారు చాలామంది. బాణం లేకపోతే అది ఒక్క సంఖ్యే అవుతుంది, జవాబు కాదు.

గణకం:
చుక్కలు తర్వాత. ప్రశ్న ఏదండీ?

నీలిసిరా:
తెలిసిన లెక్కేగా అని పెట్టలేదండీ. "8 నుంచి ఒక సంఖ్యకు మూడు రెట్లు తీసివేయగా వచ్చే ఫలితం 20కి మించదు. అటువంటి రుణ పూర్ణ సంఖ్యలన్నీ రాయండి."

లెక్కల పంతులు:
"రుణ పూర్ణ సంఖ్యలు" అన్న ముక్క వదిలేస్తే ఆ నాలుగూ ఎక్కడివో ఎవరికీ అర్థం కాదు. జవాబు సరైనదే.

"నుంచి" ఏ మాటకు తగిలిందో అది ముందు రాయాలి. "8 నుంచి" అన్నారు కాబట్టి 8 − 3x. మీ రెండో వాక్యమే సరి. రెండు పక్కలా 8 తీసేస్తే −3x ≤ 12. ఇప్పుడు −3తో భాగించాలి, తప్పు ఇక్కడే జరిగింది. రుణసంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగాలి: 2 < 3 నిజం, −1తో గుణిస్తే −2 > −3. కాబట్టి x ≥ −4.

గుర్తు మీద భయం ఉంటే 3xని అవతలికి పంపండి: 8 ≤ 20 + 3x, −12 ≤ 3x, −4 ≤ x. రుణంతో భాగించే పనే ఉండదు.

సరిచూడండి. x = −4 అయితే 8 + 12 = 20, మించలేదు. −5 అయితే 8 + 15 = 23, మించింది. సున్నా, ధన సంఖ్యలూ సరిపోతాయి గానీ ప్రశ్న అడిగింది రుణాలే. గీత మీద నాలుగు విడి చుక్కలు చాలు, ఇక్కడ బాణం గీయకూడదు.

సంఖ్యారేఖ:
మించదు అంటే 20 లోపు అనేగా? అప్పుడు < రావాలి, −4 పోవాలి.

లెక్కల పంతులు:
20 అనేది 20ని మించదు, అందుకే ≤. "కనీసం 20" అంటే ≥, "20 కంటే తక్కువ" అంటే <. ఇంకోటి కూడా చూసుకోండి: "x కంటే 5 తక్కువైన సంఖ్య" అంటే x − 5, "5 అనేది x కంటే తక్కువ" అంటే 5 < x. మొదటిదానిలో అసమీకరణమే లేదు.

గణకం:
"లోపు" అనే మాట ప్రశ్నల్లో వాడకూడదు. 100 లోపు ధన సరిసంఖ్యలు ఎన్ని అంటే 100 కలిపితే 50, వదిలితే 49.

సంఖ్యారేఖ:
లోపు అంటే లోపలే, హద్దు రాదు. 49.

గణకం:
"పదో తేదీ లోపు ఇవ్వాలి" అంటే పదో తేదీన ఇస్తే తీసుకోరా?

నీలిసిరా:
−3 దగ్గర గుర్తు తిప్పలేదు, అంతే. వచ్చేసింది, థాంక్సండీ.

సంఖ్యారేఖ:
తేదీల సంగతి వేరు, సంఖ్యల సంగతి వేరు. లెక్కల్లో 49 అనే రాయాలి.