పాత ఐడీ లింకుల్ని పేర్లున్న యూఆర్ఎల్స్‌గా మార్చాలి, ఎలా?

కొత్తలింకు:
సైట్‌లో 1,200 పేజీలున్నాయి. అన్నీ "/పేజ్.పీహెచ్‌పీ?ఐడీ=482" తరహావే. పేర్లతో మార్చాలనుకుంటున్నాం. కేటగిరీ పేరు యూఆర్ఎల్‌లో ఉండాలా? స్లగ్ (యూఆర్ఎల్‌లో పేజీ పేరుండే భాగం) తెలుగు లిపిలో పెట్టొచ్చా? పాత లింకుల్ని ఏం చేయాలి? సెర్చ్ నుంచి వచ్చే ట్రాఫిక్ పోకూడదండీ.

సర్వర్‌గది:
ముందు మూడోదే చూడండి, దెబ్బ తగిలేది అక్కడే. యూఆర్ఎల్‌లో కీవర్డ్ వల్ల ర్యాంకుకు ఒరిగేది చాలా తక్కువ. రీడైరెక్ట్ (పాత లింకు నుంచి కొత్తదానికి పంపడం) తప్పితే మాత్రం ఉన్నదీ పోతుంది.

పాత చిరునామా, కొత్త చిరునామా పక్కపక్కన స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుని, ఏ పేజీకి ఆ పేజీకే 301 (శాశ్వత రీడైరెక్ట్) ఇవ్వండి. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404 (అసలు పేజీ లేనట్టే) కింద లెక్కేస్తుంది. కనీసం ఏడాది పాటు ఈ రీడైరెక్ట్‌లు తీయకండి. మెనూలు, లోపలి లింకులు, కెనానికల్ (పేజీకి అసలు యూఆర్ఎల్ ఏదో సెర్చ్‌కి చెప్పే ట్యాగ్), సైట్‌మ్యాప్ (పేజీల జాబితా ఫైల్) కూడా అదే రోజు మార్చేయాలి.

మీది అపాచీ సర్వర్ అయితే ఒక చిక్కుంది. మామూలు రీడైరెక్ట్ ఆదేశం ప్రశ్న గుర్తు తర్వాతి భాగాన్ని చూడదు. రీరైట్ మాడ్యూల్‌లో క్వెరీ స్ట్రింగ్ (ఆ భాగం పేరే ఇది) షరతు పెట్టాలి. పాత క్వెరీ స్ట్రింగ్‌ని తీసేసే క్యూఎస్‌డీ ఫ్లాగ్ మరిచిపోతే (అపాచీ 2.4 నుంచి ఉంది) కొత్త యూఆర్ఎల్ తోకకి పాత "?ఐడీ=482" అలాగే అంటుకుని వస్తుంది.

అక్షరలెక్క:
తెలుగు స్లగ్ గూగుల్‌కి ఇబ్బంది కాదు, పొడవే ఇబ్బంది. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, యూఆర్ఎల్ కోసం % గుర్తుల రూపంలోకి ఎన్‌కోడ్ అయ్యాక ఒక్కో బైటూ 3 క్యారెక్టర్లు, అంటే 9. గుణింతాల గుర్తులూ, పొల్లూ వేరుగా లెక్క. "తెలుగు" అన్న ఒక్క మాటకే 54! వర్డ్‌ప్రెస్ స్లగ్‌ని ఎన్‌కోడ్ చేసిన రూపంలోనే 200 క్యారెక్టర్ల దగ్గర కత్తిరిస్తుంది, కాబట్టి దక్కేవి 22 కోడ్‌లే. రెండు మూడు చిన్న మాటలైతే సరే, లేదంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మేలు.

లింకులగూడు:
కేటగిరీ వద్దనే నా మాట. పేజీ కేటగిరీ మారితే యూఆర్ఎల్ మారుతుంది, రెండిట్లో ఉంటే రెండు యూఆర్ఎల్స్ పుడతాయి. ఆ వరుస బ్రెడ్‌క్రంబ్‌లో (పేజీ పైన హోమ్ > కేటగిరీ > పేజీ అని కనిపించే దారి) చూపిస్తే చాలు. మాటల మధ్య అండర్‌స్కోర్ కాదు, హైఫన్. అన్నీ చిన్న అక్షరాలే. చివర స్లాష్ ఉంచుతారో తీసేస్తారో, ఒక్కటే పద్ధతి.

సార్టింగ్, ఫిల్టర్ పారామీటర్లున్న పేజీలకి కెనానికల్ పెట్టి, మళ్ళీ వాటినే రోబోట్స్ ఫైల్లో (సెర్చ్ ఇంజిన్ ఏ పేజీలు తెరవకూడదో చెప్పేది) ఆపేయకండి. గూగుల్ పేజీ తెరవకపోతే అందులోని కెనానికల్ దానికి కనబడేదెలా?

కొత్తలింకు:
"/పేజీ-పేరు-482" అని ఐడీ చివర ఉంచితే?

సర్వర్‌గది:
భేషుగ్గా ఉంచొచ్చు, రేపు పేరు మారినా పేజీ దొరుకుతుంది. కాకపోతే సర్వర్ 482 ఒక్కటే చూసుకుని ఊరుకోకూడదు. పేరు సరిపోలకపోతే సరైనదానికి 301 పంపాలి. లేకపోతే "/ఏదోఒకటి-482" అన్నా అదే పేజీ తెరుచుకుని డూప్లికేట్లు మొదలవుతాయి.