‘మగుడ’ తరవాత నుడుగడా, ఉడుగడా? (ఇది అలిటరేషనేనా?)

రాజోలు నుంచి ఒక అమ్మ:
అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంగ్లీషు క్లాసులో ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ మొదలుపెట్టారు. సిమిలీకి ఉపమ, మెటఫర్‌కి రూపకం, హైపర్బొలీకి అతిశయోక్తి అని తెలుగు పేర్లు పక్కన రాసుకుని చదువుతోంది. అలిటరేషన్ దగ్గర వృత్త్యనుప్రాస (ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడం) అని రాసి, ఉదాహరణకి గజేంద్రమోక్షంలో పోతనగారి ‘అడిగెదనని కడువడిఁ జను’ ఇచ్చింది. అది అలిటరేషన్ కాదని లెక్చరర్ కొట్టేశారట. పద్యం మొత్తం చెప్పమంటే నాకు రెండో పాదం దగ్గర ఆగిపోయింది. ‘మగుడ నుడుగడని’ అని మా నాన్నగారు చదివేవారు. ‘నుడువడని’ అంటారు మావారు. ఏది సరైంది? ఇంతకీ అలిటరేషన్ అవునా కాదా? శుక్రవారం టెస్టు, దానికి టెన్షన్‌గా ఉంది.

పాలకొల్లు మాష్టారు:
నుడుగడని. పద్యం ఇదమ్మా:

అడిగెదనని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

నుడి, నుడుగు, నుడువు పలకడం అనే ఒక కుదురు మాటలే కాబట్టి అర్థం మారదు. కానీ చెవికి తేడా ఉంది. ‘నుడుగఁడని నడ యుడుగున్’ అన్నప్పుడు డ-గ జంట రెండుసార్లు పలుకుతుంది. ‘నుడువఁడని’ అంటే ఆ జంట విడిపోతుంది. పోతన చెవి అలాంటిది వదులుకోదు.

భీమవరం నుంచి:
మాష్టారూ, అక్కడ నుడుగడు లేదేమో చూడండి. మగుడన్ + ఉడుగఁడు అని విడదీస్తే? ద్రుతం (చివరి ‘న్’) మీద అచ్చు వచ్చి ‘మగుడ నుడుగఁడు’ అయింది. ఉడుగు అంటే ఆగిపోవడం, తగ్గిపోవడం. వయసుడిగింది, ఓపికుడిగింది అని మనం ఇప్పటికీ అంటూనే ఉన్నాం. అంతకు ముందు వచ్చే ‘సిరికిం జెప్పడు’ పద్యం గుర్తు చేసుకోండి. సిరికి చెప్పకుండా, ఆవిడ పైట కొంగు కూడా వదలకుండా పరిగెడుతున్నాడు విష్ణువు. అడిగినా ఆగడు కాబట్టి లక్ష్మీదేవి నడక ఆగింది. ఆయన ఉడుగడు, ఈవిడ నడ ఉడుగును. ఒకే క్రియ అటు కాదని, ఇటు అవునని! ఇంగ్లీషు క్లాసులో దీన్ని యాంటిథెసిస్ అంటారు.

పాలకొల్లు మాష్టారు:
అందంగా ఉంది గాని అన్వయం కుదరదు. మీ అర్థంలో ‘తను’ ఎక్కడ కూర్చుంటుంది? ‘తనకు మారు పలకడు’ అంటే తను, మగుడ రెండూ చక్కగా నిలబడతాయి. ‘తను తిరిగి ఆగడు’ అంటే ఏమిటి?

భీమవరం నుంచి:
‘తను అడిగినా’ అని తీసుకోవచ్చు కదండీ.

పాలకొల్లు మాష్టారు:
పోనీ తీసుకుందాం. మరి మగుడ?

తణుకు నుంచి:
యతి ఈ తగవు తీర్చదు, ముందే చూశాను. రెండో పాదంలో యతి ‘అడిగిన’లో అకారానికీ ‘అని’లో అకారానికీ. నుడుగడైనా ఉడుగడైనా స్వరయతి చెక్కుచెదరదు. ఆరో గణం ‘డనుడుగ’ నలం (నాలుగూ లఘువులే), అదీ సరిపోయింది.

అసలు ఆ అమ్మాయి ప్రశ్నకి వద్దాం. పద్యంలో డకారాలు 23. మొదటి పాదంలో 3, రెండులో 6, మూడులో 6, నాలుగులో 8. వీటిలో నాలుగు ప్రాస కోసం పడక తప్పనివి, మిగతా 19 పోతన కావాలని వేసినవి. అయితే 23లో ఒక్కటి కూడా మాట మొదట లేదు, చూసుకోండి. ఇంగ్లీషులో అలిటరేషన్ అంటే పాఠ్యపుస్తకం చెప్పేది మాట మొదటి ధ్వని. ‘పీటర్ పైపర్ పిక్డ్’ అంటారే, అది. లోపల వచ్చే హల్లుకి కాన్సొనెన్స్ అని వేరే పేరుంది. ఆ లెక్కన లెక్చరర్‌గారు కొట్టేయడం న్యాయమే. అన్నట్టు మొదటి ధ్వని అన్నాను, మొదటి అక్షరం అనలేదు. నైఫ్‌కి స్పెల్లింగ్ ‘కే’తో మొదలైనా పలికేది నకారం. పిల్లలు అక్కడే పొరపడతారు.

అంబాజీపేట నుంచి:
డకారంతో మొదలయ్యే తెలుగు మాటలు ఎన్ని ఉన్నాయి? డొంక, డొక్క, డప్పు, ఇలా కొన్ని. మాట మొదట డ పెట్టి కందం రాయమంటే ఎవరి వల్లా కాదు. అందుకే మనవాళ్లు అనుప్రాసకి చోటు నియమం పెట్టలేదు, ఆవృత్తి చాలన్నారు. ఇంగ్లీషు గజంతో కొలవడం అన్యాయం.

నన్నడిగితే అలిటరేషన్‌కి దగ్గర చుట్టం అనుప్రాస కాదు, యతి. సంస్కృతంలో యతి అంటే విరామం. మనం దాన్ని అక్షర మైత్రిగా మార్చుకున్నాం. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌లో పాదం రెండు ముక్కలు, ఆ రెంటినీ కట్టేది ఒకే ధ్వని. పైగా ఏ అచ్చైనా ఏ అచ్చుతోనైనా చెల్లుతుందక్కడ. మన స్వరయతి మరీ అంత వదులు కాదు గాని కుటుంబం ఒకటే అనిపిస్తుంది.

తణుకు నుంచి:
ఒక్క సవరణ. అక్కడ ధ్వని కలిసేది ఊనిక (స్ట్రెస్) పడే అక్షరం మీద, అది మాట మొదటే కానక్కర్లేదు. మనకు ఆ ఊనికే లేదు, మన యతి గణాన్ని బట్టి నడుస్తుంది.

కడియం నుంచి:
యతిప్రాసల మాట వచ్చాక మా ఊళ్లో 1870లో పుట్టిన, తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వారిని తలుచుకోకపోతే ఎలా? ‘జెండాపై కపిరాజు’ పద్యం ఎత్తుకోండి. జెండా, దండంబు, గాండీవమ్ము, ఒక్కండు. పాదం మొదట్లో ‘ండ’ దెబ్బ పడుతుంటే రథం కదిలినట్టే ఉంటుంది. ఇంగ్లీషు వాళ్లకి రైమ్ పాదం చివర, మనకు ప్రాస పాదం మొదట రెండో అక్షరం. ఆ అమ్మాయి నోట్సులో ఇది కూడా రాయించండమ్మా.

భీమవరం నుంచి:
జంటకవులన్నాక ఇద్దరినీ తలుచుకోవాలండి. దివాకర్ల వారు 1872లో పుట్టింది మా యండగండిలో. అవధానంలో నిషిద్ధాక్షరి ఇస్తే, పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతుంటే తప్పించుకుంటూ పద్యం కట్టాలి. ఇంగ్లీషులో లిపోగ్రామ్ అని ఒక అక్షరం మానేసి రాయడం ఉంది గాని, కాగితం ముందు కూర్చుని రాసేదానికీ సభలో ఆశువుగా చెప్పేదానికీ పోలికే లేదు.

రాజోలు నుంచి అమ్మ:
ఇవన్నీ చదివి వినిపించానండి, చాలా సంతోషించింది. పరీక్షలో మాత్రం ఏం రాయమంటారు?

పాలకొల్లు మాష్టారు:
కాన్సొనెన్స్ అని రాస్తే మార్కు వస్తుంది. ఇంకో మాట కూడా చెప్పండి. శబ్దం అర్థానికి ప్రతిధ్వనిలా ఉండాలని అలెగ్జాండర్ పోప్ 1711లో రాశాడు, విమర్శ మీద రాసిన పద్యకావ్యంలో. లక్ష్మీదేవి అడుగు తడబడుతున్నట్టే ఈ పద్యంలో నాలుకా తడబడుతుంది. ‘అడుగిడు నడుగిడదు’ గబగబా నాలుగుసార్లు అనమనండి, పోప్ మాట దానికదే అర్థమవుతుంది.

అంబాజీపేట నుంచి:
కాన్సొనెన్స్ అన్నా సగమే. పాఠ్యపుస్తకం ఉదాహరణల్లో అది మాట చివరి హల్లు. ఇక్కడ నడిమి హల్లు.

భీమవరం నుంచి:
అది సరే, ‘మగుడ’కి వెనక్కి అని కూడా అర్థం ఉంది కదా మాష్టారూ. అడిగినా వెనక్కి మళ్లి ఆగడు. ఇప్పుడు కుదిరిందా?

పాలకొల్లు మాష్టారు:
వెనక్కి మళ్లడం వేరు, ఆగడం వేరు. రెండింటినీ ఒక్క ఉడుగడులో ఇరికించలేం. శనివారం రాజమండ్రిలో పనుంది. గౌతమీ గ్రంథాలయంలో పాత ప్రతులు తీయించి టీక చూసి వస్తాను. అందాకా నుడుగడే.